గోడల మధ్య ఒక జీవితం: మధ్యయుగ ఇంగ్లండ్‌లో ఆంకరైట్లు ఎవరు, తలుపులు ఎందుకు మూసుకున్నారు?

క్లుప్తంగా

మధ్యయుగ యూరప్‌లో కొందరు క్రైస్తవులు చర్చి గోడను ఆనుకుని కట్టిన చిన్న గదిలోకి తమంతట తామే వెళ్లి, ప్రాణం పోయేదాకా అందులోనే ఉండిపోయారు. వీరే ఆంకరైట్లు. ఇది శిక్ష కాదు. బిషప్ అనుమతి, తిండికి హామీ, పనిమనిషి, నియమాల పుస్తకం ఉన్న ఒక పద్ధతైన ఏర్పాటు. ఇంగ్లండ్‌లో ఈ దారి పట్టినవారిలో ఆడవాళ్లే ఎక్కువ. పైకి ఒంటరి బతుకులా కనిపించినా, ఊరి డబ్బు, ఊరి నమ్మకం తోడు లేకపోతే ఇది నడిచేది కాదు. 16వ శతాబ్దంలో ఆ ఆసరా పోవడంతో ఇంగ్లండ్‌లో ఈ సంప్రదాయం కూడా ఆగిపోయింది.

మళ్లీ చర్చలోకి ఎందుకు వచ్చింది?

2023లో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో దొరికిన ఒక అస్థిపంజరం వార్తల్లోకి ఎక్కింది. ఆల్ సెయింట్స్ ఫిషర్‌గేట్ అనే చర్చి ఒకప్పుడు ఉన్న స్థలంలో 2007లో తవ్వకాలు జరిగినప్పుడు 600కు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి మాత్రం వేరుగా ఉంది. చర్చి లోపల, బలిపీఠం ఉండే కొసన, కాళ్లు బాగా ముడుచుకుని ఉన్న భంగిమలో అది దొరికింది. అంత పవిత్రమైన చోట మామూలు మనుషులను పాతిపెట్టరు. 1428 నుంచి 1448 వరకు ఆ చర్చి దగ్గర గదిలో ఉన్న లేడీ ఇసబెల్ జెర్మన్ అనే ఆంకరైట్‌ది అయి ఉండవచ్చని పరిశోధకులు అంచనా వేశారు.

ఆంకరైట్ల మాట వచ్చినప్పుడల్లా ఒక అపోహ తోడుగా వస్తుంది. తప్పు చేసిన ఆడవాళ్లను బతికుండగానే గోడ కట్టేసేవారన్నదే ఆ అపోహ. అది పూర్తిగా గాలి కబురు కూడా కాదు. పారిస్‌లో హోలీ ఇన్నోసెంట్స్ శ్మశానం దగ్గర ఆంకరైట్ల గదులు ఉండేవి. 1480ల్లో భర్తను చంపించిన నేరానికి రెనే ద వాండోమువా అనే ఆమెకు పడిన మరణశిక్షను మార్చి, అక్కడే జీవితాంతం గదిలో ఉంచాలని తీర్పు ఇచ్చారు. అయితే అలాంటి తీర్పు చాలా అరుదు. అదే శ్మశానంలో ఇష్టపడి వెళ్లి ఉన్నవారిని ఊరు మొత్తం గౌరవించింది. వారిలో ఒకరైన అలిక్స్ లా బుర్గొత్ చనిపోతే ఫ్రాన్స్ రాజు 11వ లూయీ సమాధి కట్టించాడు. ఇష్టపడి వెళ్లడాన్నీ, శిక్షగా బంధించడాన్నీ ఒకే గాటన కట్టడంతోనే గందరగోళమంతా మొదలవుతుంది.

ఎడారి నుంచి ఊరి మధ్యకు

లోకాన్ని వదిలి ఒంటరిగా దేవుణ్ని వెతికే పద్ధతి క్రైస్తవంలో 3, 4 శతాబ్దాల నాటి ఈజిప్టు, సిరియా ఎడారుల్లో బలపడింది. 356లో చనిపోయిన పునీత (సెయింట్) ఆంథోని పేరు ఇందులో మొదట చెబుతారు. సిరియాలో సిమియోన్ అనే తపస్వి ఎత్తైన స్తంభం పైన దాదాపు 37 ఏళ్లు గడిపి 459లో కన్నుమూశాడు. ఆయన ఊరికి దూరంగా పోతే ఊరే ఆయన దగ్గరికి వచ్చింది. తగవులు తీర్చమని, సలహా చెప్పమని స్తంభం కింద జనం గుమిగూడేవారు. తర్వాతి ఆంకరైట్ల కథలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పశ్చిమ యూరప్‌లో ఎడారి లేదు. 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి మొదటి అధ్యాయంలోనే ఏకాంతవాసుల ప్రస్తావన ఉంది. ముందు మఠంలో నలుగురితో కలిసి ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారే ఒంటరి పోరాటానికి పనికొస్తారని ఆయన అభిప్రాయం. సుమారు 900 ప్రాంతంలో గ్రిమ్‌లయికస్ అనే రచయిత ఒంటరిగా ఉండేవారికోసం ప్రత్యేకంగా ఒక నియమావళి రాశాడు. అప్పటికి ఈ గదులు ఎక్కువగా మఠాలను ఆనుకునే ఉండేవి. 12వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్‌లో పరిస్థితి మారింది. మఠం గడప తొక్కని మామూలు మనుషులు, ముఖ్యంగా ఆడవాళ్లు, పల్లె చర్చి పక్కనో నగరంలోని పేట చర్చి పక్కనో గది కట్టించుకోవడం మొదలైంది. శిక్షణ పొందిన సన్యాసికి మాత్రమే దక్కే జీవితం వడ్రంగి కూతురికి కూడా అందుబాటులోకి వచ్చింది.

ఆంకరైట్లనూ హెర్మిట్లనూ చాలామంది ఒకటే అనుకుంటారు. హెర్మిట్ కూడా ఏకాంతవాసే, కానీ ఎక్కడికైనా వెళ్లవచ్చు. ఇంగ్లండ్‌లో హెర్మిట్లు వంతెనలు బాగుచేయించారు, రోడ్లు వేయించారు, తీరంలో దీపాలు వెలిగించారు. ఆంకరైట్‌కు ఆ వీలు లేదు. ఒక చోటికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేశాక కదలకూడదు.

బిషప్ అడిగే ప్రశ్నలు

గదిలోకి వెళ్లాలనుకునేవారు ముందు బిషప్‌కు అర్జీ పెట్టుకోవాలి. ఆయన స్వయంగానో మనుషులను పంపో విచారణ జరిపిస్తాడు. ఈ మనిషి నడవడి ఎలాంటిది? పెళ్లయిందా? ఇష్టంతోనే వస్తోందా? గది కట్టడానికి చర్చి దగ్గర తగిన చోటుందా? వీటన్నిటినీ మించిన ప్రశ్న ఇంకొకటి ఉంది. బతికినంతకాలం తిండి ఎవరు పెడతారు?

ఈ చివరి ప్రశ్న అంత ముఖ్యం కావడానికి కారణముంది. మనిషిని గదిలో ఉంచాక తిండి అందకపోతే పోషించే బాధ్యత చివరికి బిషప్ నెత్తిన పడుతుంది. అందుకే భూమి మీద వచ్చే రాబడి, దాత రాసిచ్చిన పత్రం, కుటుంబం ఇచ్చే హామీ ఏదో ఒకటి చూపిస్తేనే అనుమతి వచ్చేది. బిషప్పుల రిజిస్టర్లలో ఇలాంటి విచారణల వివరాలు మిగిలి ఉండబట్టే ఇవాళ చరిత్రకారులు ఆంకరైట్ల గురించి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నారు. చరిత్రకారిణి ఆన్ వారెన్ ఈ రికార్డులన్నీ జల్లెడపట్టి 1100 నుంచి 1539 వరకు ఇంగ్లండ్‌లో 601 చోట్ల 780 మంది ఆంకరైట్లను లెక్క తేల్చారు. రికార్డుల్లోకి ఎక్కనివారు ఇంకెంతమందో!

అనుమతి వచ్చాక జరిగే తంతు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజు చనిపోయినవారికోసం చదివే ప్రార్థనలు చదివేవారు. కొన్ని ప్రాంతాల పద్ధతిలో అవస్థాభ్యంగనం, అంటే చావుబతుకుల్లో ఉన్నవారికి ఇచ్చే సంస్కారం, అప్పుడే జరిగిపోయేది. గదిలో తవ్విన గోతిలో ఆమెను పడుకోబెట్టి పైన కాస్త మట్టి చల్లే పద్ధతీ ఉండేది. శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లేటప్పుడు పాడే పాటలు పాడుతూ ఆమెను లోపలికి నడిపించి, బయట తలుపు బిగించేవారు. లోకం లెక్కలో ఆమె చనిపోయినట్టే.

సన్యాసం పుచ్చుకునేవారు తమ శ్రాద్ధం తామే పెట్టుకోవడం తెలుగు పాఠకులకు తెలిసిన ఆచారమే. బతికుండగానే లోకానికి చనిపోవడం అనే ఆలోచన రెండు చోట్లా ఒకటే. ఆ తర్వాత దారులు వేరవుతాయి. సన్యాసి ఒకచోట పాతుకుపోకూడదు. చాతుర్మాస్యం నాలుగు నెలలు తప్ప తిరుగుతూనే ఉండాలని శాస్త్రం. ఆంకరైట్‌కు కదలకపోవడమే వ్రతం. సన్యాసి ఇంటింటికీ భిక్షకు వెళతాడు. ఇక్కడ భిక్షే కిటికీ దగ్గరికి వస్తుంది.

మూడు కిటికీల గది

గది ఎంత ఉండేదన్నదానికి ఒకే కొలత లేదు. ఇంగ్లండ్‌లోని సర్రే అనే జిల్లాలో, లెదర్‌హెడ్‌లో దొరికిన పునాదులు సుమారు 8 అడుగుల చదరం. కొన్ని అంతకన్నా ఇరుకు. ఉత్తరాన చెస్టర్-లీ-స్ట్రీట్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడంలో ఒకటికి మించి గదులున్నాయి. ఇప్పుడది మ్యూజియం. కొందరికి చిన్న పెరడు కూడా ఉండేది.

గది కొలత మారినా కిటికీల లెక్క మాత్రం చాలాచోట్ల ఒకటే. మొదటిది చర్చి లోపలికి తెరుచుకునే సన్నటి కన్నం. గోడను ఏటవాలుగా చెక్కి పెట్టిన ఈ కన్నంలోంచి చూస్తే బలిపీఠం కనిపిస్తుంది. దివ్యబలిపూజ (బలిపీఠం దగ్గర జరిగే ప్రధాన ఆరాధన) చూడటం, సత్ప్రసాదం (ఆ పూజలో ఇచ్చే పవిత్రమైన రొట్టె) అందుకోవడం దాని గుండానే. రెండోది పనిమనిషి వైపు కిటికీ. తిండి లోపలికి, పాత్రలూ చెత్తా బయటికి అందులోంచే. మూడోది వీధివైపు లేదా చర్చి ఆవరణ వైపు ఉండేది. సలహాకోసం వచ్చేవారు అక్కడ నిలబడి మాట్లాడతారు. దానికి నల్లటి తెర, ఆ తెర మీద తెల్లటి శిలువ. మాట వినిపించాలి కానీ మొహం కనిపించకూడదు.

సర్రే జిల్లాలోనే షేర్ అనే ఊరి చర్చిలో, ఉత్తరం గోడకు పక్కపక్కనే రెండు కన్నాలు ఇవాళ్టికీ కనిపిస్తాయి. ఒకటి నాలుగు రేకుల పువ్వు ఆకారంలో చెక్కింది. సత్ప్రసాదం అందించేది దాని గుండా అంటారు. రెండోది బలిపీఠం వైపు ఏటవాలుగా కోసిన చతురస్రం. గోడ అవతల ఉండాల్సిన గది మాత్రం ఇప్పుడు లేదు. ఆ గదిలో ఉన్న అమ్మాయి కథ కిందికి వస్తే చెప్పుకోవచ్చు.

పిల్లి ఉండవచ్చు, ఆవు వద్దు

గదిలో రోజు ఎలా గడిచేదో తెలుసుకోవడానికి దొరికే గొప్ప ఆధారం ‘ఆంక్రెన్ విస్సె’ అనే పుస్తకం. 13వ శతాబ్దం మొదటి భాగంలో, ఇంగ్లండ్ పశ్చిమ మధ్య ప్రాంతంలో, ముగ్గురు అక్కచెల్లెళ్లు ఆంకరైట్లు అయినప్పుడు వారికోసం ఒక గురువు దీన్ని రాశాడు. అది కూడా లాటిన్‌లో కాదు, వారు మాట్లాడే ఇంగ్లిష్‌లో. పుస్తకం ఎనిమిది భాగాలు. నడిమి భాగాలన్నీ మనసును ఎలా కాపాడుకోవాలన్నదాని గురించే. రోజువారీ సంగతులు చివరి భాగంలో ఉన్నాయి. బయటి నియమాలు లోపలి నియమానికి దాసీల్లాంటివని రచయిత మొదట్లోనే చెప్పేస్తాడు.

ఆ చివరి భాగం చదివితే కఠినమైన తపస్సు గురించి ఉన్న ఊహలు చాలావరకు తారుమారవుతాయి. మాంసం, కొవ్వు తినకూడదు, జబ్బు చేస్తే తప్ప. ఈస్టర్ నుంచి సెప్టెంబర్ మధ్యదాకా రోజుకు రెండు పూటలు, మిగతా కాలంలో ఆదివారాలు తప్పిస్తే ఒక పూట భోజనం. బట్టలు సాదాగా, వెచ్చగా ఉండాలి. స్నానానికి, శుభ్రతకు అభ్యంతరం లేదు. గురువును అడగకుండా ముళ్లతో కొట్టుకోవడం, ముళ్లపంది చర్మం తొడుక్కోవడం చేయవద్దని గట్టిగా చెబుతాడు. అప్పటి వైద్యం ప్రకారం ఏడాదిలో కొన్నిసార్లు రక్తం తీయించుకునేవారు. అలా తీయించుకున్నాక మూడు రోజులు కష్టమైన పనేదీ పెట్టుకోక, పనిపిల్లలతో కూర్చుని మంచి కథలు చెప్పుకుని సేద తీరమంటాడు. రాసినవాడికి ఆ ముగ్గురి మీద ఉన్న ఆపేక్ష ఈ ఒక్క చోట చూసినా తెలిసిపోతుంది.

పిల్లిని తప్ప ఏ జంతువునూ పెంచకూడదు. ఎందుకంటే ఆవు ఉంటే మేత కావాలి. ఆవు పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలుతారు. విడిపించుకోవడానికి అధికారిని బతిమాలాలి, జరిమానా కట్టాలి. ఒక్క పశువుతో లోకమంతా కిటికీలోంచి లోపలికి వచ్చేస్తుంది. ఇతరుల సొమ్ము దాచిపెట్టకూడదు, బడి నడపకూడదు, బేరసారాలు చేయకూడదు అన్న నియమాలూ ఇందుకే. బడి, దాపుడు సొమ్ము, వ్యాపారం అన్నీ నిజంగా జరుగుతుండబట్టే రచయిత ఇన్ని కాదనాల్సి వచ్చింది. పిండిమర దగ్గర, సంతలో, కమ్మరి కొలిమి దగ్గర, ఆంకరైట్ గది దగ్గర కబుర్లు దొరుకుతాయనే సామెత ఆ రోజుల్లో ఉండేదని ఆయనే ఉదాహరిస్తాడు. అంతకు ముందు 1160 ప్రాంతంలో రీవో మఠాధిపతి ఎయిల్‌రెడ్ కూడా, ఆంకరైట్ అయిన తన సోదరికి రాసిన నియమాల్లో, కిటికీ దగ్గర చేరే ముసలమ్మల ఊసులను తిట్టిపోశాడు.

చేతికి పని ఉండాలి. చర్చి వస్త్రాలు, పేదలకు బట్టలు కుట్టవచ్చు. స్నేహాలు సంపాదించడానికి పట్టుసంచులు కుట్టి పంచకూడదు. ఇద్దరు పనిమనుషుల్లో ఒకరు ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి, ఇంకొకరు బయటి పనులకు. ఒంటరి జీవితం అంటున్నాం కానీ దాన్ని నడపడానికి ఇంకో ఇద్దరు ఆడవాళ్ల చాకిరీ పూర్తికాలం కావలసి వచ్చేది. వారి పేర్లు చరిత్రలో దాదాపు మిగల్లేదు.

ఖర్చు ఎవరు పెట్టేవారు?

ధనవంతులు సొంత ఆస్తి మీద వచ్చే రాబడితో వెళ్లేవారు. మిగతావారికి రాజు, ప్రభువు, మఠం, నగరంలోని వ్యాపారులు దిక్కు. లంకషర్‌లోని వాలీ మఠం దగ్గర ఒక ఆంకరైట్‌కు, ఆమె పనిమనుషులకు కలిపి లంకాస్టర్ డ్యూక్ హెన్రీ 1360 ప్రాంతంలో శాశ్వత ఏర్పాటు చేశాడు. వారానికి మఠం రొట్టెలు 17, బీరు 8 గ్యాలన్లు. ఏడాదికి ఎండు చేపలు, ఓట్స్ పిండి, దీపానికి నూనె, కొవ్వొత్తులకు కొవ్వు, చలి మంటకు 6 బండ్ల పీటు గడ్డలు (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టిగడ్డలు). రోజూ బీరు తాగడం అప్పటి ఇంగ్లండ్‌లో మామూలే. ఇందులో విలాసమేమీ లేదు.

నగరాల్లో వీలునామాలు ఎక్కువ సాయపడ్డాయి. నోరిచ్ ఆంకరైట్ జూలియన్ గురించి మిగిలిన గట్టి ఆధారాల్లో వీలునామాలే ముఖ్యం. 1404లో ఒక ప్రీస్టు ఆమెకు ఒక షిల్లింగ్, ఆమె దగ్గర ఉండే సారాకు 8 పెన్నీలు రాశాడు. 1415లో ఒకతను జూలియన్‌కు 40 పెన్నీలు, ఆమె పనిమనిషికి, అంతకు ముందు పనిచేసిన ఆలిస్‌కు చెరి 12 పెన్నీలు ఇచ్చాడు. 1416లో సఫోక్ కౌంటెస్ 20 షిల్లింగులు ఇచ్చింది.

దాతలకు దీని వల్ల ఏమిటి ప్రయోజనం? ఈ ప్రశ్నకు జవాబు అప్పటి నమ్మకంలో ఉంది. చనిపోయినవారి ఆత్మలు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతాయని, బతికున్నవారి ప్రార్థనలు ఆ కాలాన్ని తగ్గిస్తాయని కథోలిక విశ్వాసం. రాత్రింబవళ్లు ప్రార్థన తప్ప వేరే పనిలేని మనిషి ప్రార్థనకు బలం ఎక్కువని లెక్క. దాత ఇచ్చిన డబ్బుకు ప్రతిఫలంగా ఆమె అతని పేరు తలుచుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని లంచంలాగా చూడటం సరికాదు. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ అది చావుబతుకులను కలిపి పట్టి ఉంచే బంధం.

ఆడవాళ్లే ఎందుకు ఎక్కువ?

వారెన్ లెక్క ప్రకారం 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఆంకరైట్లలో మగవారి కన్నా ఆడవాళ్లు మూడు రెట్లకు పైగా ఉన్నారు. తర్వాతి శతాబ్దాల్లో ఆ తేడా తగ్గినా ఆధిక్యం ఆడవాళ్లదే.

మగవాడికి దారులు చాలా ఉండేవి. ప్రీస్టు కావచ్చు, సన్యాసి కావచ్చు, తిరిగే బోధకుడు కావచ్చు, హెర్మిట్ కావచ్చు. ఆడమనిషి ఒంటరిగా తిరిగితే చర్చి ఒప్పుకోదు, లోకం బతకనివ్వదు. కన్యామఠాలు తక్కువ. ఉన్నవాటిలో చేరడానికి కట్నం తీసుకెళ్లాల్సి వచ్చేది. నెదర్లాండ్స్ వైపు నగరాల్లో మఠంలో చేరకుండానే కలిసి ప్రార్థన చేసుకునే బెగీన్ల సంఘాలు ఉండేవి. ఇంగ్లండ్‌లో అవి పెద్దగా వేళ్లూనలేదు. భక్తిని జీవితంగా ఎంచుకోవాలనుకున్న సామాన్యురాలికి చర్చి పక్క గది ఒక్కటే మిగిలింది.

పెళ్లి తప్పించుకోవడానికీ ఇది ఆసరా అయింది. 1096 ప్రాంతంలో హంటింగ్‌డన్‌లో పుట్టిన క్రిస్టినా తాను కన్యగానే ఉంటానని చిన్నప్పుడే మొక్కుకుంది. ఇంట్లోవారు బలవంతంగా పెళ్లి కుదిర్చారు. మగవేషం వేసుకుని గుర్రమెక్కి పారిపోయి, ఆల్ఫ్‌వెన్ అనే ఆంకరైట్ దగ్గర దాదాపు రెండేళ్లు దాక్కుంది. ఆ తర్వాత రోజర్ అనే హెర్మిట్ గదిని ఆనుకున్న ఒక ఇరుకు సందులో సుమారు నాలుగేళ్లు గడిపింది. బయట వెతుకుతున్నారు కాబట్టి పగలంతా రాతి మీద కూర్చోవాలి, గట్టిగా దగ్గకూడదు, చీకటి పడితేనే బయటికి రావాలి. తర్వాత ఆమే మార్కియేట్‌లో కన్యామఠానికి పెద్ద అయింది.

పై వర్గం ఆడవాళ్ల కారణాలు వేరు. లొరెట్టా ద బ్రియోజ్ లెస్టర్ ప్రభువు భార్య. 1210లో జాన్ రాజు ఆమె తల్లినీ సోదరుడినీ చెరలో పెట్టి తిండి లేక చనిపోయేలా చేశాడు. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకోకుండా 1219 ప్రాంతంలో కాంటర్‌బరీ దగ్గర హాకింగ్టన్‌లో గదిలోకి వెళ్లింది. ఆమె చెల్లెలు అన్నోరా 1232లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఇఫ్లీలో అదే పని చేసింది. జాన్ కొడుకైన 3వ హెన్రీ అన్నోరాకు వంటచెరకు, బట్టలు పంపేవాడు. 1265లో దేశంలో అంతర్యుద్ధం నడుస్తుండగా, ఇంగ్లండ్ స్టివర్డ్ అనే పెద్ద రాజపదవికి ఉన్న హక్కులేమిటో చెప్పమని ఆయనే లొరెట్టాను రాసి అడిగాడు. లోకానికి చనిపోయిన మనిషిని రాజ్యాంగ విషయంలో సాక్ష్యం అడిగారన్నమాట.

కదలని మనిషి మాటకు ఉన్న విలువ

స్వార్థం లేదు, ఎక్కడికీ పోదు, ఎప్పుడు వెళ్లినా ఉంటుంది. ఆంకరైట్ మాటకు విలువ రావడానికి ఈ మూడూ చాలు. 1381 రైతుల తిరుగుబాటులో స్మిత్‌ఫీల్డ్‌కు తిరుగుబాటుదారులను కలవడానికి వెళ్లేముందు 14 ఏళ్ల 2వ రిచర్డ్ వెస్ట్‌మినిస్టర్ మఠంలోని ఆంకరైట్ దగ్గర పాపసంకీర్తనం చేశాడు, అంటే తన పాపాలు చెప్పుకున్నాడు. 1413లో తండ్రి చనిపోయిన రాత్రి 5వ హెన్రీ కూడా వెస్ట్‌మినిస్టర్ ఆంకరైట్ దగ్గరికే వెళ్లాడు. వారిక్ ప్రభువు రిచర్డ్ బోషాంప్ వారసుడి గురించి యార్క్‌లోని ఎమ్మా రాటన్ సలహా అడిగాడు.

ఎక్కువమంది వచ్చింది మాత్రం మామూలు జనమే. మార్జరీ కెంప్ 1413 ప్రాంతంలో నోరిచ్ వచ్చి జూలియన్‌తో చాలా రోజులు మాట్లాడింది. తనకు కనిపించే దర్శనాలు దేవుడివో కావో తేల్చుకోలేక వచ్చిందామె. దేవుడి మహిమకు, తోటి క్రైస్తవుల మేలుకు వ్యతిరేకం కానంతవరకు మనసులో కలిగిన ప్రేరణను పాటించమని జూలియన్ చెప్పింది. జూలియన్‌కు స్వయంగా 1373 మే నెలలో, ముప్పై ఏళ్ల వయసులో, చావు అంచుల్లో ఉండగా దర్శనాలు కలిగాయి. వాటి అర్థం మీద సుమారు 20 ఏళ్లు ఆలోచించి రాసిన పుస్తకమే ఇంగ్లిష్‌లో ఒక మహిళ రాసినట్టు తెలిసిన తొలి పుస్తకం. గదికి ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆనాటి ఇంగ్లండ్‌లో ఒక సామాన్య మహిళకు ఒకే విషయం మీద అంతకాలం ఏకాగ్రంగా ఆలోచించే తీరిక ఇంకెక్కడా దొరకదు.

జర్మనీలో ఒక గది ఏకంగా మఠమే అయింది. 1112 నవంబర్ 1న డిసిబోడెన్‌బర్గ్ మఠం దగ్గర యూటా అనే యువతిని, ఆమెతో హిల్డెగార్డ్ అనే అమ్మాయిని గదిలో ఉంచారు. ఒక్కొక్కరే వచ్చి చేరారు. 1136లో యూటా చనిపోయాక పెద్దరికం హిల్డెగార్డ్‌కు వచ్చింది. తర్వాత యూరప్ అంతా పేరు మోగిన రచయిత్రి, సంగీతకర్త ఆమే.

నమ్మకానికి ప్రాణంతో వెల కట్టినవారూ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో 926లో హంగేరియన్ల దాడి వస్తోందని విబోరాడా ముందే హెచ్చరించింది. మఠం వారు గ్రంథాలయంతో సహా తప్పించుకున్నారు. తాను మాత్రం గది వదలనంది. దాడి చేసినవారు ఆమెను అక్కడే చంపేశారు. 1047లో పోప్ ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు.

తలుపు తెరుచుకుని వచ్చేస్తే?

షేర్ ఊరి చర్చి గోడకు అవతల ఉన్న అమ్మాయి పేరు క్రిస్టీన్ కార్పెంటర్. విలియం అనే వడ్రంగి కూతురు. 1329లో వించెస్టర్ బిషప్ అనుమతితో గదిలోకి వెళ్లింది. మూడేళ్లు తిరగకుండానే బయటికి వచ్చేసింది. ఎందుకో రికార్డు చెప్పదు. 1332లో మళ్లీ లోపలికి వెళతానని పోప్ ఆస్థానానికి అర్జీ పెట్టుకుంది. అప్పుడు పోప్ ఫ్రాన్స్‌లోని ఆవిన్యోన్‌లో ఉండేవాడు. అక్కడి నుంచి వచ్చిన ఆదేశం ప్రకారం ఆమెకు పాప విముక్తి ఇచ్చి, తగిన ప్రాయశ్చిత్తం విధించి, నాలుగు నెలల్లో తిరిగి గదిలో ఉంచాలి. ఒక పల్లె అమ్మాయి బయటికి వస్తే ఆ కబురు ఆవిన్యోన్ దాకా పోయిందంటే, ఆ ప్రమాణాన్ని ఎంత గట్టిగా తీసుకున్నారో అర్థమవుతుంది. ఆమె గురించి ఉన్న కాగితాలు ఈ కొన్నే. వాటిలో ఆమె మాట ఒక్కటీ నేరుగా వినిపించదు. బయట గడిపిన ఆ కొద్దికాలం గురించి ఎన్ని కథలల్లినా అవి ఊహలే.

అన్ని కదలికలూ తప్పు కాలేదు. రిచర్డ్ రోల్ అనే ప్రసిద్ధ హెర్మిట్ శిష్యురాలు మార్గరెట్ కర్క్‌బీ 1348లో గదిలోకి వెళ్లింది. అక్కడి నుంచి దివ్యబలిపూజ కనిపించడం లేదని అర్జీ పెట్టుకుంటే 1357లో ఇంకో ఊరికి మారడానికి అనుమతి దొరికింది. ఫ్రాన్స్‌లో కొలెట్ 1402లో గదిలోకి వెళ్లి, నాలుగేళ్లకు అనుమతితోనే బయటికి వచ్చి, క్లేర్ సన్యాసినుల మఠాలను సంస్కరించింది.

వాలీ మఠం కథ ఇందుకు విరుద్ధం. డ్యూక్ ఏర్పాటు చేసిన రొట్టెలు, బీరు తింటూ తాగుతూ ఉన్నవారు ఒకరి తర్వాత ఒకరు బయటికి వెళ్లిపోతున్నారని మఠం మొరపెట్టుకుంది. 1430ల్లో ఇసోల్డా హీటన్ అనే వితంతువు కూడా అలాగే వెళ్లిపోయింది. పనిమనుషుల నడవడి మీద ఫిర్యాదులు వచ్చాయి. చివరికి 6వ హెన్రీ ఆ ఏర్పాటునే రద్దు చేసి, ఆ డబ్బుతో ప్రార్థనలు చేయడానికి ఇద్దరు ప్రీస్టులను పెట్టించాడు. అంతా మఠం తరఫు కథనమే. ఖర్చు భరించే మఠానికి ఆ ఏర్పాటు భారమైందన్న సంగతీ మరచిపోకూడదు.

యార్క్ ఎముకలు ఏం చెబుతున్నాయి?

ఇసబెల్ జెర్మన్‌ది అనుకుంటున్న అస్థిపంజరంలో కీళ్లకు ఇన్ఫెక్షన్ సోకి పాడైన లక్షణాలు ఉన్నాయి. సిఫిలిస్ అనే సుఖవ్యాధి బాగా ముదిరిన గుర్తులూ కనిపించాయి. ఒంటి మీద పుండ్లతో, బయటికి కనిపించే రోగంతో ఆమె చాలాకాలం బతికి ఉండాలి.

పాపం వల్లే ఇలాంటి రోగాలు వస్తాయని నమ్మే కాలమది. కాబట్టి ఆమెను దాచేశారనుకోవడం సులువు. అయితే ఆమెను చర్చిలో అత్యంత గౌరవమైన చోట పాతిపెట్టారు. వెలివేసిన మనిషికి ఆ చోటు దక్కదు. రోగం ఉన్న దేహాన్ని పరీక్షగా, భక్తికి సాధనంగా చూసే ఆలోచన కూడా ఆ కాలానిదే. చూసేవారి కళ్ల నుంచి తప్పుకుని, అదే సమయంలో గౌరవంగా బతకడానికి ఆ గది ఆమెకు ఒక దారి చూపి ఉండవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. ఆధారాలతో ఎక్కువగా పొసిగే వివరణ ఇదే.

ఎలా ఆగిపోయింది?

8వ హెన్రీ 1536 నుంచి 1540 వరకు ఇంగ్లండ్‌లోని మఠాలన్నీ మూయించాడు. మఠాల పోషణలో ఉన్న ఆంకరైట్లకు ఒక్కసారిగా తిండి ఆగిపోయింది. పేట చర్చిల పక్కన ఉన్నవారి మీద దెబ్బ ఇంకో వైపు నుంచి పడింది. చనిపోయినవారికోసం చేసే ప్రార్థనలకు ఫలితం లేదని ప్రొటెస్టెంట్ బోధకులు ప్రకటించారు. 1547 చట్టంతో అలాంటి ప్రార్థనలకోసం పెట్టిన నిధులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ప్రార్థనకు విలువ లేదన్నాక వీలునామాలో షిల్లింగ్ రాసేవారెవరు?

కథోలిక దేశాల్లో సంప్రదాయం ఇంకొంతకాలం సాగింది. ఉట్రెక్ట్‌లో సిస్టర్ బెర్ట్‌కెన్ 57 ఏళ్లు గదిలో గడిపి, 1514లో 87 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె రాసిన భక్తిగీతాలు తర్వాత అచ్చయ్యాయి. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ సన్యాసినులంతా మఠాల్లో కట్టుదిట్టంగా ఉండాలని నిర్ణయించింది. దాంతో ఊరి చర్చి పక్కన విడిగా ఉండే గదులకు అక్కడా చోటు తగ్గింది.

నోరిచ్‌లో చివరి ఆంకరైట్లలో ఒకరు కేథరిన్ మన్. డొమినికన్ మఠం దగ్గర ఉండేది. మఠం మూతపడ్డాక ఆమె గది నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. గది మీద హక్కు వదులుకున్నందుకు నగరం ఆమెకు ఏడాదికి 20 షిల్లింగులు ఇవ్వడానికి ఒప్పుకుంది.